మెయిన్ ఆపినా వెలిగే బల్బు

గీజర్ కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమందని పిన్ని చాలా మామూలుగా చెప్పింది, పులుసులో ఉప్పు కాస్త ఎక్కువైందన్నట్టు. చెప్పింది నాతో కాదు, బాబాయితో. బాబాయి కువైట్లో ఉన్నారు. వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది నా ఫోన్, దాన్ని పట్టుకుని నిలబడ్డది నేను.

స్క్రీన్ మీద బాబాయి మొహం కదలకుండా ఆగిపోయింది. నెట్ స్లో అయిందేమో అనుకున్నాను. కాదు, ఆయనే ఆగిపోయారు.

"ఎప్పుడు?" అన్నారు.

"నిన్న పొద్దున్న. తడిచేత్తో ముట్టుకున్నానండి. నాదే తప్పు."

"గీజర్ని తడిచేత్తో కాక ఇంకెలా ముట్టుకుంటారే? పొడిచేతుల్తో స్నానం చేస్తారా ఎవరైనా?"

  ఆ బాత్రూమ్ ఎవరి కోసం కట్టించారో ఇద్దరికీ తెలుసు. పిన్ని కూతురు, అంటే నా చెల్లి, అమలాపురం ఆసుపత్రిలో ఉంది. ఆడపిల్ల పుట్టింది. ఆదివారం డిశ్చార్జి చేస్తామన్నారు. బాలింతకి, పసిపిల్లకి వేన్నీళ్ళు కావాలని బాబాయి అక్కణ్ణుంచి డబ్బు పంపి, పెరట్లో కొత్త బాత్రూమ్ కట్టించి గీజర్ పెట్టించారు. షాపువాళ్ళ ఫిట్టర్ వచ్చి, గంటలో బిగించి వెళ్ళిపోయాడు. చెల్లి దగ్గర మా అమ్మ ఉంది. చెల్లి ఫోన్ ఆసుపత్రి బకెట్లో పడి పాడైపోతే పిన్ని తన ఫోన్ ఇచ్చి వచ్చింది. అలా ఈ ఇంట్లో మిగిలింది పిన్ని, నేను, నా ఫోన్. నేను హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, సిగ్నల్ వస్తే పని, రాకపోతే మేనేజర్ మీద విసుగుతో రోజులు గడుపుతున్నాను.

"రేపు శుక్రవారం. నాకు సెలవు," అన్నారు బాబాయి. "పొద్దున్నే ఎలక్ట్రీషియన్ని రమ్మనండి. నేను ఫోన్లో ఉండి ఇల్లంతా చూపించుకుంటాను. అప్పటిదాకా ఆ బాత్రూమ్‌కి తాళం వేసెయ్యండి."

"శుక్రవారం పూట కరెంటు కట్టెయ్యడాలూ అవీ ఏంటండి. శనివారం పెట్టుకుందాం."

"శనివారం నేను డ్యూటీలో ఉంటాను. ఆదివారం పిల్ల వస్తుంది. ఇంక ఎప్పుడు?"

బాబాయి పద్దెనిమిదేళ్ళుగా అక్కడో పెద్ద బిల్డింగులో కరెంటు మెయింటెనెన్స్ చేస్తున్నారు. సెలవుకి వచ్చినప్పుడల్లా మాకు చెప్పేవి ఆ కబుర్లే. అక్కడ ఎవడైనా లైను మీద పని చెయ్యాలంటే మెయిన్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలట. కిందటిసారి వచ్చినప్పుడు ఈ ఇంటికి కూడా కొత్త బోర్డు పెట్టారు. మెయిన్ స్విచ్చి, దాని పక్కన ఆర్‌సీసీబీ. కరెంటు కొంచెం పక్కదారి పట్టి మనిషి ఒంట్లోకి వెళ్ళినా అది టక్కున పడిపోతుందని, ప్రాణం పోయేలోపే ఆపేస్తుందని ఊళ్ళోవాళ్ళని పిలిచి మరీ చూపించారు. దాని మీద చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే పడిపోవాలి. మా మావయ్య ఒకాయన నాలుగుసార్లు నొక్కి చూసి, "బాగుందిరా, కాలింగ్ బెల్లులాగుంది," అని వెళ్ళిపోయాడు.

మరి అది ఉండగా పిన్నికి షాకెలా కొట్టింది? అదే బాబాయికి రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదని తర్వాత తెలిసింది.

మర్నాడు పదకొండింటికి ఎలక్ట్రీషియన్ మోపెడ్ మీద వచ్చారు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబులో టెస్టరు, బటన్ ఫోను. చేతిలో ఒక హోల్డరు, దానికో బల్బు, రెండు వైర్లు. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

"చెప్పులేసుకో," అన్నారు బాబాయి ఫోన్లోంచి. అదే మొదటి మాట.

"ఫర్లేదండి. దేవుడి గదుంది కదండి."

"కరెంటుకి దేవుడి గదని తెలుస్తుందా? వేసుకో."

"ఆయ్. అలాగేనండి," అన్నారాయన. వేసుకోలేదు.

పిన్ని పొద్దున్నే ఇల్లంతా కడిగింది. గచ్చు ఇంకా చెమ్మగా ఉంది. ఆవిడ వంటింట్లోంచి కర్ర పీట తెచ్చి ఎలక్ట్రీషియన్ ముందు పెట్టింది. ఆయన దాని మీద నిలబడ్డారు. బాబాయి నిట్టూర్చి, "సరే, ఏ బోర్డు దగ్గరికి వెళ్ళినా పీట వేసుకునే వెళ్ళు," అన్నారు. ఆ పీట మొయ్యడం నా డ్యూటీ అయింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో పీట. ఈ సీన్ ఎవరైనా ఫోటో తీస్తే నా ఆఫీసులో నా పరువు ఏమవుతుందో ఆలోచిస్తూ ఇల్లంతా తిరిగాను.

ముందు, మెయిన్ ఆన్‌లో ఉండగానే, బాబాయి ఆ బల్బు వైర్లు ఒక ప్లగ్గులో పెట్టించారు. బల్బు వెలిగింది. తర్వాత మెయిన్ ఆపించారు. ఫ్రిజ్ గుర్రుమని ఊరుకుంది. ఫ్యాన్లు మెల్లగా ఆగాయి.

"అయిపోయింది బాబాయ్, అన్నీ ఆగాయి," అన్నాను.

"నీకెలా తెలుసు?"

"ఫ్యాన్ ఆగింది కదా."

"ఫ్యాన్ ఆగింది. ప్లగ్గుల సంగతేంటి? ప్రతి ప్లగ్గులో బల్బు పెట్టి చూడమను. ఆ బల్బు మంచిదో కాదో ముందే చూసుకున్నాం కాబట్టి ఇప్పుడు అది చెప్పేది నమ్మచ్చు."

హాల్లో మూడు, వంటింట్లో నాలుగు, గదుల్లో రెండేసి. ఎక్కడా వెలగలేదు. నాకు విసుగొచ్చేసింది. మధ్యలో ఆఫీసు మెసేజ్‌లు వస్తున్నాయి, కాల్‌లో ఉంటే చూడ్డానికి లేదు. "చాలు కదా బాబాయ్," అన్నాను. "పెరట్లోకి వెళ్ళండి," అన్నారాయన.

బాత్రూమ్ తాళం తీశాం. గీజర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది.

ఇంటి మెయిన్ ఆపేశాం. ఇంట్లో ఒక్క ప్లగ్గులో కరెంటు లేదు. కానీ పసిపిల్లకి నీళ్ళు పోద్దామనుకున్న చోట మాత్రం ఉంది. నాకు కోపం వచ్చింది. నాకు భయమేసినా, బాధేసినా, ఆకలేసినా బయటికి వచ్చేది కోపమే.

"ఏంటండీ ఇది?" అని ఎలక్ట్రీషియన్ మీద పడ్డాను. "ఊళ్ళో అందరి వైరింగూ మీరేగా చేసేది? మెయిన్ ఆపితే ఆగాలని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఇది మీకు కనపడలేదా? లేక తెలిసీ వదిలేశారా? రేపు మా పాపకి ఏమైనా అయితే ఎవరు సమాధానం చెప్తారు?"

ఇంకా చాలా అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన తల వంచుకుని విన్నారు. ఒకసారి నా చేతిలో ఫోన్ వైపు చూసి, మళ్ళీ నేల వైపు చూసి, "ఆయ్," అన్నారు. అంతే. ఆ ఆయ్ విన్నాక నాకు ఇంకా మండింది.

"ఆయన్నేమీ అనకు తల్లీ," అన్నారు బాబాయి. గొంతు వేరేగా ఉంది. స్క్రీన్లో ఆయన మొహం లేదు, గది కప్పు కనపడుతోంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నారనుకుంటా. "ఆ లైను నేను వేసిందే."

ఎలక్ట్రీషియన్ వసారా గోడ వెంబడి పాకించిన సన్నటి వైరు చూపించారు. మీటర్ దగ్గర, మెయిన్ స్విచ్చికీ ఆర్‌సీసీబీకీ ముందే, పుట్టింది అది. వసారా దాటి దేవుడి గదిలోకి వెళ్ళింది. షాపు ఫిట్టరుకి బాత్రూమ్ దగ్గరగా కనపడ్డ వైరు అదే. దాన్ని కోసి గీజర్ కలిపేశాడు. ఎర్త్ వైరు అసలు కలపనే లేదు. ఎలక్ట్రీషియన్ చెయ్యి వెనక్కి తిప్పి వైరుకి దగ్గరగా పెట్టి, "వెచ్చగా ఉందండి," అన్నారు నెమ్మదిగా.

"దేవుడి గదిలో ఏముంది?" అని అడిగాను. అడిగాక నాకే గుర్తొచ్చింది.

దేవుడి గదిలో ఒక ఎర్ర జీరో బల్బు ఉంటుంది. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. కొన్నిసార్లు వెలిగేది, కొన్నిసార్లు వెలిగేది కాదు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. వెళ్ళి చూస్తే, మెయిన్ ఆపేసిన ఇంట్లో, పటాల ముందు అది ప్రశాంతంగా వెలుగుతోంది. దాని కింద పిన్ని కూర్చుని ఉంది.

"అది ఆగదే," అంది, నేను అడక్కుండానే. "మెయిన్ కట్టేసినా ఆగకుండా మీ బాబాయి ప్రత్యేకంగా పెట్టేరు." ఆ మాట కొంచెం గొప్పగానే అంది.

బాబాయి మొదటిసారి కువైట్ వెళ్ళే ముందు, ఆయన మళ్ళీ గుమ్మంలో అడుగుపెట్టేదాకా దేవుడి దగ్గర దీపం ఆపనని పిన్ని మొక్కుకుంది. అప్పటికి చెల్లికి నాలుగేళ్ళు. నూనె దీపం ఒంటిచేత్తో పగలూ రాత్రీ కాపాడ్డం ఎవరి వల్ల అవుతుంది? అందుకని ఆయన ఈ బల్బు పెట్టారు. ఇంట్లో ఏ పని పడి ఎవరు మెయిన్ ఆపినా ఇది ఆగకూడదని మీటర్ దగ్గర్నుంచే లాగారు. ఆయన ఎక్కిన ఆటో సందు తిరిగాక పిన్ని దాని స్విచ్చి వేస్తుంది. మళ్ళీ ఆయన సెలవుకి వచ్చినప్పుడు, కాళ్ళు కడుక్కుని, ముందు దేవుడి గదిలోకి వెళ్ళి ఆయనే ఆపుతారు. పద్దెనిమిదేళ్ళలో పిన్ని ఒక్కసారి కూడా తన చేత్తో ఆపలేదు.

"మరి కరెంటు పోతే?" అన్నాను. ఇక్కడ గాలేస్తే చాలు కరెంటు పోతుంది.

"అది మన చేతిలో లేదు కదా. వాళ్ళు తీసేది వాళ్ళది. మనం మన చేత్తో కట్టకూడదు." ఇందులో తెలియకపోవడానికి ఏముందన్నట్టు చూసింది.

ఫోన్ని పిన్ని ముందు పెట్టాను. బాబాయి మొహం మళ్ళీ స్క్రీన్ మీదకి వచ్చింది.

"ఏమే, ఆ లైను తీసెయ్యాలి. తీసి, మెయిన్ తర్వాత నుంచి ఇవ్వాలి."

"గీజర్ తీసెయ్యండి. పొయ్యి మీద కాచుకుంటాను. అమ్మాయిని కన్నప్పుడు నాకు గీజర్ ఉందా?"

"గీజర్ ఒక్కటే కాదు. ఆ బల్బు కూడా ఆర్‌సీసీబీలోకి రాదు. ఆ వైరు పద్దెనిమిదేళ్ళది. రేపు పిల్ల పాకుతుంది, పట్టుకు లాగుతుంది. ఏదైనా అయితే నువ్వు పరిగెత్తికెళ్ళి మెయిన్ ఆపుతావు, ఇంక కరెంటు లేదని పిల్లని పట్టుకుంటావు. కరెంటు ఉంటుంది. ఆ మెయిన్ నీకు అబద్ధం చెప్తుంది. చెప్పేలా పెట్టింది నేనే," అన్నారు.

పిన్ని బల్బు వైపే చూస్తోంది. "మీరొచ్చేక తీద్దాం," అంది.

"నేనొచ్చేది వచ్చే సంవత్సరం. పిల్లొచ్చేది ఎల్లుండి."

అప్పుడు నేను నోరు పారేసుకున్నాను. "పిన్నీ, ఈ బల్బుకీ బాబాయి క్షేమానికీ ఏంటి సంబంధం? మరీ ఇంత మూఢంగా ఎలా ఉంటారు?"

 బయట ఎవరింట్లోనో కొబ్బరి దింపు జరుగుతోంది, కాయలు ధబ్ ధబ్‌మని పడుతున్నాయి. పిన్ని నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"అమ్మాయిగారండి," అన్నారు ఎలక్ట్రీషియన్ గుమ్మం అవతల నుంచి. "కాస్త ఆ స్క్రూడ్రైవర్ అందుకుంటారా, మోపెడ్ సంచిలో ఉంటదండి."

వెళ్ళి సంచంతా వెతికాను. లేదు. తిరిగొచ్చి చూస్తే ఆయన జేబులోనే ఉంది. ఆయన నా వైపు చూడకుండా, "ఇక్కడే ఉందండి, మర్చిపోయేను," అన్నారు. నన్ను అక్కణ్ణుంచి తప్పించారని అప్పుడర్థమైంది.

"మీరు ముందే చూశారు కదా దీన్ని," అన్నాను, గొంతు తగ్గించి.

"మూడేళ్ళ కిందట మీటర్ మార్చినప్పుడు చూసేనండి. బాబాయిగారు ఫోన్ చేసినప్పుడు అడిగేను. సెలవుకొచ్చినప్పుడు సర్దుతాన్లే, ఆవిడకి చెప్పకు, కంగారు పడుతుంది అన్నారండి. వచ్చేరు, వెళ్ళేరు. ఆయనున్నన్నాళ్ళూ ఆ బల్బు వెలగదు కదండి. కళ్ళ ముందు వెలగందే ఎవరికి గుర్తొస్తది చెప్పండి. నేనూ మళ్ళీ అడగలేదు. నా తప్పు కూడా ఉందండి అందులో."

"నేను మిమ్మల్ని అలా అరవకుండా ఉండాల్సింది. సారీ అండి."

"భలేవారే. మా అమ్మాయి ఇంతకన్నా గట్టిగా అరుస్తదండి. దానికి మీలాగ ఉద్యోగం కూడా లేదు."

లోపల్నుంచి పిన్ని గొంతు వినపడింది. ఇద్దరం వెళ్ళాం. ఆవిడ ఫోన్‌ని పటాల పక్కన గోడకి ఆనించి, దానికి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడెక్కడున్నారు?"

"రూములోనే. వంట దగ్గర. ఇవాళ చికెన్ నా వంతు."

"ఆ కుర్చీ లాక్కుని కూర్చోండి."

బాబాయి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇది మళ్ళీ వెలిగేదాకా మీరు లేవకూడదు. స్టవ్ ముట్టుకోకూడదు. కత్తి పట్టుకోకూడదు. ఏ స్విచ్చి మీదా చెయ్యి వెయ్యకూడదు. బయటికి వెళ్ళకూడదు. ఊరికే కూర్చోవాలి. కూర్చున్న మనిషికి ఏమీ కాదు."

"మరి వంట?"

"ఆ పిల్లల్ని చేసుకోమనండి. పద్దెనిమిదేళ్ళు చేసిపెట్టేరు, ఒకపూట చేసుకోలేరా?"

బాబాయి నవ్వలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు. "సరే. కూర్చున్నాను," అన్నారు.

పిన్ని లేచి, పమిట సర్దుకుని, దేవుడికి దణ్ణం పెట్టింది. స్విచ్చి మీద వేలు పెట్టి ఫోన్ వైపు చూసింది. ఆయన కదలకుండా ఉన్నారు. ఆవిడ నొక్కింది. టక్కుమని చిన్న చప్పుడు. పటాల మీద ఎరుపు పోయింది, అంతే. గదిలో ఏమీ మారలేదు, పట్టపగలు. కానీ పిన్ని చెయ్యి కాసేపు ఆ స్విచ్చి మీదే ఉండిపోయింది.

ఎలక్ట్రీషియన్ లైన్‌మన్‌కి ఫోన్ చేసి, వీధి స్తంభం దగ్గర ఫ్యూజు తీయించారు. టెస్ట్ బల్బుతో ఆ సన్న వైరుని, గీజర్ని మళ్ళీ చూశారు. ఇప్పుడు ఎక్కడా కరెంటు లేదు. అప్పుడు పని మొదలైంది.

నా ఫోన్ పిన్ని దగ్గర. ఛార్జింగ్ ముప్ఫై ఒక్క శాతం. పవర్ బ్యాంకు ఉంది కానీ దాన్ని వారం నుంచీ ఛార్జ్ చెయ్యలేదు. ఇంట్లో కరెంటు లేదు. చెయ్యి మాటిమాటికీ జేబులోకి పోతోంది, ఖాళీ చెయ్యి బయటికొస్తోంది. చెయ్యడానికి ఏమీ లేక వైరు చుట్ట పట్టుకున్నాను. ఎలక్ట్రీషియన్ పాత వైరుని గోడ మీది మేకుల నుంచి ఒక్కొక్కటే ఊడదీస్తుంటే నేను మడిచాను. మేకులన్నీ వరసగా, ఒకే దూరంలో కొట్టి ఉన్నాయి. "చూడండి మీ బాబాయిగారి పని," అన్నారాయన. "తప్పు పని కూడా ఎంత నీటుగా చేసేరో."

మధ్యమధ్యలో దేవుడి గదిలోకి తొంగి చూశాను. వాళ్ళు పెద్దగా మాట్లాడుకోవడం లేదు. ఆయన కూర్చున్నారు, ఆవిడ చూస్తోంది. ఆయన వెనక నుంచి ఎవరో ఉల్లిపాయలు ఏ డబ్బాలో ఉన్నాయని అడిగారు. ఆయన లేవబోయారు. "ఆఁ, లేవకండి," అంది పిన్ని. మళ్ళీ కూర్చున్నారు. ఇంకోసారి చూస్తే ఇద్దరూ పాప ముక్కు ఎవరిదని వాదించుకుంటున్నారు. పద్దెనిమిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఏ పనీ లేకుండా అంతసేపు ఎదురెదురుగా కూర్చోవడం ఎప్పుడైనా జరిగిందా అని నాకు అనుమానం వచ్చింది. ఆయన సెలవులన్నీ స్లాబులకీ, పెళ్ళిళ్ళకీ, బ్యాంకులకీ పోయేవి.

నలభై నిమిషాల తర్వాత పిన్ని పిలిచింది. వెళ్ళేసరికి ఫోన్ నల్లగా ఉంది.

"ఇదేంటే, పోయేరు?"

"ఛార్జింగ్ అయిపోయింది పిన్నీ."  "పక్కింటికెళ్ళి పెట్టుకొస్తాను. లేకపోతే వాళ్ళ ఫోన్ తెస్తాను, నంబరు..." నంబరు నాకు గుర్తులేదు. ఎవరి నంబరూ గుర్తులేదు. పక్కింట్లో కూడా కరెంటు లేదు, స్తంభం దగ్గర తీసిన ఫ్యూజుతో ఈ సందులో మూడిళ్ళకీ పోయింది. ఎలక్ట్రీషియన్ దగ్గరకెళ్ళి, "ఇంకెంతసేపండీ, కొంచెం త్వరగా చెయ్యండి," అని మళ్ళీ గొంతు పెంచాను.

"తొందరపడి గీజర్ బిగించినోడి పనే ఇప్పుడు విప్పుతున్నామండి," అన్నారాయన, తల ఎత్తకుండా.

పిన్ని నా వెనకే వచ్చింది. ఆవిడ మొహంలో ఒక్క నిమిషం నాకు భయం కనపడింది. తర్వాత, "ఊరుకోవే," అంది. "ఆయన కూర్చునే ఉంటారు."

"ఫోన్ కట్టయింది కదా. పని అయిపోయిందనుకుని లేచిపోతారేమో."

"లెమ్మని నేను చెప్పలేదు కదా. చెప్పందే లేవరు." అని లోపలికెళ్ళి, ఎలక్ట్రీషియన్‌కీ నాకూ మజ్జిగ తెచ్చింది. తను తాగలేదు.

రెండున్నర అవుతుండగా పని పూర్తయింది. గీజర్‌కి బోర్డు నుంచి విడిగా లావు వైరు వచ్చింది, ఎర్త్ కూడా. దేవుడి గది బల్బుకి మెయిన్, ఆర్‌సీసీబీ రెండూ దాటాక కొత్త లైను. లైన్‌మన్ ఫ్యూజు పెట్టాడు. ఫ్రిజ్ గుర్రుమంది. నేను పరిగెత్తి ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టాను. పిన్ని దేవుడి గదిలో స్విచ్చి వేసింది. ఎరుపు మళ్ళీ వచ్చింది.

"ఇంక చెక్ చెయ్యాలండి," అన్నారు ఎలక్ట్రీషియన్ మొహమాటంగా. "మెయిన్ ఆపి చూడాలి. తర్వాత ఆ బటన్ నొక్కి చూడాలి. రెండుసార్లూ ఈ బల్బు ఆగుతుందండి. ఆగాలి."

నేను పిన్ని వైపు చూశాను. ఇప్పుడే వెలిగించిన దాన్ని మళ్ళీ ఆపమంటే ఏమంటుందో అని.

"కానివ్వండి," అంది. "ఆయన ఇంకా కూర్చునే ఉన్నారుగా. ఒకసారి లేచేక మళ్ళీ కూర్చోమంటే బాగోదు. ఇప్పుడే చూసేసుకుందాం."

పీట వేసుకుని పిన్నే ఎక్కింది. మెయిన్ ఆపింది. నేను దేవుడి గది గుమ్మంలో నిలబడి, "ఆగింది," అని చెప్పాను. పెరట్లోంచి ఎలక్ట్రీషియన్, "గీజర్ కూడా ఆగిందండి," అన్నారు, టెస్ట్ బల్బు పెట్టి చూసి మరీ. మెయిన్ మళ్ళీ వేసింది. తర్వాత ఆర్‌సీసీబీ మీద బటన్. వేలు పెట్టి, లోపలికి తిరిగి ఒకసారి చూసి, నొక్కింది. టక్కున పడింది. ఫ్యాను, ఫ్రిజ్, ఎర్ర బల్బు అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

"నెలకోసారి ఇలా నొక్కి చూస్తుండాలండి," అన్నారు ఎలక్ట్రీషియన్.

"చూస్తాను. శుక్రవారాలే చూస్తాను. ఆయనకి సెలవు కదా," అంది పిన్ని, స్విచ్చి పైకెత్తుతూ.

ఫోన్ నాలుగు శాతం దగ్గర లేచింది. ఛార్జర్ తియ్యకుండానే, గోడకి అతుక్కుని కాల్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు. అదే కుర్చీ, అదే గోడ. వెనకాల ముగ్గురు కింద కూర్చుని అన్నాలు తింటున్నారు.

"బాబాయ్, ఇంకా కూర్చునే ఉన్నారా? గంట పైనైంది ఫోన్ కట్టయి."

"మీ పిన్ని లెమ్మనలేదుగా."

పిన్ని వచ్చి నా పక్కన, ఛార్జర్ వైరు సాగినంత దూరంలో, నిలబడింది. "తిన్నారా?"

"పెడతామన్నారు. చెయ్యి కడుక్కోవాలంటే లేవాలి కదా."

"వెలిగింది. నేనే వేసేను."

"మెయిన్ ఆపితే ఆగిందా?"

"ఆగింది. నేనే ఆపేను. ఆ బటనూ నేనే నొక్కేను."

ఆయన తల ఊపారు. కళ్ళు తుడుచుకున్నారో, చెమట తుడుచుకున్నారో, ఆ చిన్న స్క్రీన్లో తెలియలేదు. "కోపం వచ్చిందా నా మీద?" అన్నారు.

"వచ్చింది. వచ్చేక చెప్తాను." పెరటి వైపు చూసి, "ఇప్పుడు పిల్లకి నీళ్ళు పోయొచ్చా అక్కడ?" అంది.

"పోయొచ్చు."

"అయితే ఇంక లేవండి."

బాబాయి లేవబోయారు. రెండు గంటలు కదలకుండా కూర్చున్న కాళ్ళు తిమ్మిరెక్కి, ఒక్క అడుగు కూడా పడలేదు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డారు. తింటున్నవాళ్ళు ఎంగిలి చేతుల్తోనే లేచి పట్టుకోబోయారు. పిన్ని ముందు కంగారుపడి, తర్వాత పమిట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.